రోగాన్ని ఎదిరించే వైవిధ్యం: జె.బి.ఎస్. హాల్డేన్ జీవితం

బిలాస్‌పూర్: హౌరా-ముంబయి ప్రధాన రైలు మార్గంపై ఉన్న బిలాస్‌పూర్ ఆగ్నేయ మధ్య రైల్వేకు కేంద్ర స్థానం. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పట్టణం సొంత ఊరైంది. ఛత్తీస్‌గఢ్ ఆసుపత్రులకు తరచూ ఎదురయ్యే వ్యాధుల్లో సికిల్‌సెల్ రక్తహీనత ఒకటి. బిలాస్‌పూర్ రైల్వే డివిజన్ పరిధిలోనే ఉన్న మధ్యప్రదేశ్‌లోని శహడోల్‌లో 2023 జులై 1న ఈ వ్యాధి నిర్మూలనకు జాతీయ కార్యక్రమం ఆరంభమైంది. 2047 నాటికి వ్యాధిని తుడిచిపెట్టాలన్నది దాని లక్ష్యం.

ఇక్కడి పట్టణాల శివార్లలో, ఉభయ తెలుగు రాష్ట్రాల పల్లెల్లో కనిపించే బ్రాయిలర్ కోళ్ల షెడ్లకూ, ఈ రక్తవ్యాధికీ పైకి ఏ సంబంధమూ తోచదు. అయితే పెంపకందారులకు ఒక అనుభవం ఉంది. మొదటి వారంలో కొక్కెర తెగులుకు, రెండో వారంలో గంబోరో వ్యాధికి పిల్లలన్నిటికీ టీకాలు వేస్తారు. షెడ్డు ఒకటే, దాణా ఒకటే, టీకా ఒకటే. అయినా రక్తంలో యాంటీబాడీల స్థాయి పక్షి పక్షికీ మారుతుంది. తెగులు సోకినప్పుడు కొన్ని కూలిపోతాయి, కొన్ని తేరుకుంటాయి. టీకా నాణ్యత, వేసే పద్ధతి, తల్లి నుంచి సంక్రమించిన రక్షణ, పరిశుభ్రత ఇందుకు కొంతవరకు కారణాలు. మిగిలిన కారణం జన్యువులలో ఉంది.

మనిషి రక్తంలోని కొడవలి కణానికీ, కోడి శరీరంలోని నిరోధక శక్తికీ మూలంలో ఉన్న సూత్రం ఒకటేనని చూపగల ఆలోచనను ముందుగా అందించిన శాస్త్రవేత్త జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. బ్రిటన్‌లో పుట్టి, భారత పౌరుడిగా మరణించి, తన దేహాన్ని కాకినాడ వైద్య విద్యార్థులకు అప్పగించిన ఆయన జీవితం తెలుగువారికి పరాయిది కాదు.

ప్రయోగశాలే ఇల్లు

హాల్డేన్ 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో జన్మించారు. తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ శ్వాసక్రియపై పరిశోధించిన ప్రముఖ శరీరధర్మ శాస్త్రవేత్త. గనుల్లోని విషవాయువుల ప్రభావాన్ని తెలుసుకోవడానికి ఆయన తన శరీరాన్నే పరీక్షకు పెట్టేవారు. కుమారుణ్ని చిన్ననాటి నుంచే ఆ ప్రయోగాలకు సహాయకునిగా వెంట తీసుకువెళ్లారు. తాను భరించడానికి సిద్ధపడని ప్రయోగాన్ని మరొకరిపై చేయరాదన్న నియమం ఆ బాలునికి ఇంటి నుంచే అబ్బింది.

తరువాతి కాలంలో రచయిత్రిగా ప్రసిద్ధికెక్కిన చెల్లెలు నవోమితో కలిసి ఆయన ఇంట్లో గినీపందులను పెంచి, వాటి రంగులూ లక్షణాలూ తరతరాలకూ ఎలా సంక్రమిస్తాయో నమోదు చేసేవారు. ఎలుకలలో రెండు లక్షణాలు జతగా వారసత్వంగా వస్తున్నాయని చూపే పరిశోధన పత్రం 1915లో వెలువడింది. అప్పటికి హాల్డేన్ మొదటి ప్రపంచ యుద్ధరంగంలో సైనికాధికారిగా ఉన్నారు. ఆ పత్రంలో సహ రచయిత అయిన మిత్రుడు స్ప్రంట్ యుద్ధంలో ప్రాణాలు కోల్పోయాడు. మెసపొటేమియాలో గాయపడిన హాల్డేన్‌ను కోలుకోవడానికి భారతదేశానికి పంపారు. ఈ దేశంతో ఆయనకు అదే తొలి పరిచయం.

కోళ్లతో ఆయన పరిచయమూ తొందరగానే మొదలైంది. కోళ్లలో జన్యువుల అనుసంధానంపై ఆయన రాసిన చిన్న పత్రం 1921లో ‘సైన్స్’ పత్రికలో వెలువడింది. మరుసటి ఏడాది, వేర్వేరు జాతుల సంకరంలో ఏ లింగానికి చెందిన సంతానం కరవవుతుందో లేదా గొడ్డుబోతుందో తెలిపే నియమాన్ని ప్రతిపాదించారు. రెండు భిన్నమైన లింగ క్రోమోజోములున్న లింగానికే ఆ దెబ్బ తగులుతుందన్నది దాని సారం. క్షీరదాలలో అది మగది, పక్షులలో ఆడది. నేటికీ జీవశాస్త్ర పాఠ్యగ్రంథాలలో అది హాల్డేన్ నియమంగానే నిలిచి ఉంది.

ఎంపికకు లెక్క కట్టిన మేధావి

1923లో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జీవరసాయన శాస్త్ర రీడరుగా చేరిన హాల్డేన్ మరుసటి ఏడాది నుంచి సహజ, కృత్రిమ ఎంపికలపై గణిత పత్రాల పరంపరను ప్రచురించసాగారు. ఒక లక్షణం ఎంత మేలు చేస్తే ఎన్ని తరాలలో మందలో వ్యాపిస్తుంది? హాని చేసే లక్షణం ఎంతకాలానికి తరిగిపోతుంది? ఈ ప్రశ్నలకు ఆయన సమీకరణాలు రాశారు. ఇంగ్లండులో పొగ, మసి కమ్మిన ప్రాంతాలలో నల్లని చిమ్మటలు విస్తరించిన తీరును లెక్కగట్టి, ప్రకృతి ఎంపిక అప్పటివారు అనుకున్నదానికన్నా ఎంతో తీవ్రంగా పనిచేయగలదని తేల్చారు. రోనాల్డ్ ఫిషర్, స్యూయల్ రైట్‌లతో పాటు జనాభా జన్యుశాస్త్రానికి పునాది వేసిన ముగ్గురిలో ఆయన ఒకరయ్యారు.

ఆ పత్రాల శీర్షికలోని కృత్రిమ ఎంపిక అన్న మాటకు నేటి బ్రాయిలర్ కోడి కన్నా పెద్ద ఉదాహరణ లేదు. మాంసపు జాతి అయిన కార్నిష్ పుంజుల, తెల్ల ప్లిమత్ రాక్ పెట్టల వారసత్వం నుంచి అమెరికాలో రూపుదిద్దుకున్న ఈ కోడి తరతరాలుగా బరువు కోసం ఎంపికై, ఆరు వారాలలోనే 2 కిలోలు దాటే స్థితికి చేరింది. ఒక లక్షణాన్ని ఎంత గట్టిగా లాగితే మిగిలిన లక్షణాలు అంతగా కదులుతాయన్నది ఎంపిక సిద్ధాంతం చేసే హెచ్చరిక. 1957 నాటి కోళ్ల వంశాన్ని అలాగే కాపాడి, ఆధునిక బ్రాయిలర్లతో అమెరికాలో పోల్చి చూసినప్పుడు కొత్త కోళ్లలో యాంటీబాడీల స్పందన తగ్గినట్లు కనిపించింది. వర్జీనియాలో సీగెల్, గ్రాస్ లెగ్‌హార్న్ కోళ్లను యాంటీబాడీల స్థాయి ఆధారంగా ఎక్కువ, తక్కువ వంశాలుగా వేరుచేసి తరతరాలు పెంచారు. నిరోధక స్పందన ఎక్కువగా ఉన్న వంశం బరువులో వెనుకబడింది. తిన్న దాణాలో ఎంత మాంసానికి, ఎంత రక్షణకు అన్న పంపకం జన్యువులలో ఉందని ఈ ప్రయోగాలు తెలిపాయి.

ఒక విద్యార్థికి ఇచ్చిన సలహా

1933లో హాల్డేన్ లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఆచార్యుడయ్యారు. జన్యుశాస్త్రం నేర్చుకోవడానికి ఆ కాలంలోనే ఆయన వద్దకు వచ్చిన యువ వైద్యుడు పీటర్ గోరర్. ఒక ఎలుకలోని కణితిని మరో వంశపు ఎలుకకు అంటుగడితే దాని శరీరం ఎందుకు తిరస్కరిస్తుందన్న ప్రశ్న అప్పటికి తెగలేదు. మనుషులలో రక్తవర్గాల వంటి తేడాలే ఇందుకు కారణం కావచ్చునని హాల్డేన్ ఊహించి, ఆ దారిలో వెతకమని గోరర్‌ను ప్రోత్సహించారు. పరీక్షకు వేర్వేరు వంశాల ఎలుకలను కూడా సమకూర్చారు. గోరర్ తన సొంత రక్తపు సీరంతోనే పని మొదలుపెట్టి, ఎలుకల రక్తకణాలపై ఉన్న గుర్తులను వేరుచేశారు. వాటిలో ఒకటి కణితి తిరస్కరణతో ముడిపడి ఉందని తేలింది.

ఆ గుర్తును నిర్ణయించే జన్యువుల గుంపునే నేడు ప్రధాన కణజాల అనుకూలత సముదాయం అంటున్నారు. శరీరంలో చొరబడిన వైరస్ ముక్కలను రక్షక కణాలకు చూపించే అణువులను తయారుచేసేవి ఈ జన్యువులే. శత్రువు ఆనవాలును ఎంత బాగా చూపగలిగితే రక్షణ అంత బలంగా లేస్తుంది. గోరర్ 1961లో మరణించారు. ఆ బాటలో ఆయనతో కలిసి పనిచేసిన జార్జ్ స్నెల్‌కు 1980లో నోబెల్ బహుమతి దక్కింది.

కోళ్లలో అదే సముదాయం రక్తవర్గ రూపంలోనే బయటపడింది. అమెరికాలో ఎల్‌వుడ్ బ్రైల్స్, ఆయన సహచరులు 1950లో కోళ్ల రక్తవర్గాలలో ‘బి’ అనే వ్యవస్థను వివరించారు. చర్మపు అంట్లను కోడి అంగీకరించడం, తిరస్కరించడం ఆ వ్యవస్థపైనే ఆధారపడుతుందని 1961లో రుజువైంది. కోళ్లలో కణుతులు, పక్షవాతం తెచ్చే మారెక్స్ వ్యాధి సోకినప్పుడు బి-21 రకం ఉన్న పక్షులు గట్టిగా నిలుస్తున్నాయని, బి-19 రకం పక్షులు సులభంగా లొంగిపోతున్నాయని తరువాతి పరిశోధనలు తెలిపాయి.

మనిషిలో ఈ సముదాయం పెద్దది. ఒక అణువు విఫలమైనా మరొకటి ఆదుకునే వీలుంటుంది. కోడిలో అది చాలా చిన్నది. దాని కీలక భాగంలో 19 జన్యువులే ఉన్నాయని 1999లో వెల్లడైంది. వాటిలో ఒకే అణువు ప్రధానంగా పనిచేస్తుంది. అందువల్ల ఆ ఒక్క రకం వైరస్‌కు సరిపోతే కోడి బతుకుతుంది, సరిపోకపోతే చస్తుంది. జన్యువుల తేడా మనుషులలో కన్నా కోళ్లలో ఇంత స్పష్టంగా ప్రాణం మీదికి రావడానికి కారణం ఇదే.

రోగమూ పరిణామమూ

రెండో ప్రపంచ యుద్ధానికి కొద్ది ముందు, 1939లో ‘థెటిస్’ అనే బ్రిటిష్ జలాంతర్గామి మునిగి 99 మంది మరణించారు. కారణాన్ని తెలుసుకోవడానికి హాల్డేన్ మూసిన ఉక్కు గదిలో గంటల తరబడి కూర్చుని, పెరిగే బొగ్గుపులుసు వాయువు ప్రభావాన్ని స్వయంగా అనుభవించారు. యుద్ధకాలంలో సాగిన పీడన ప్రయోగాలలో ఆయన వెన్నుపూస దెబ్బతిన్నది. ఆ నొప్పి జీవితాంతం వెంటాడింది.

యుద్ధం ముగిశాక ఆయన చేసిన ప్రతిపాదనే ఈ కథకు గుండెకాయ. మధ్యధరా సముద్ర తీర ప్రజలలో థలసీమియా అనే రక్తహీనత జన్యువు అంత ఎక్కువగా ఎందుకు ఉంది? ప్రాణాంతకమైన జన్యువును ప్రకృతి ఎంపిక తుడిచిపెట్టాలి కదా? ఆ జన్యువు ఒక్క ప్రతి మాత్రమే ఉన్నవారికి మలేరియా నుంచి రక్షణ లభిస్తూ ఉండాలని 1948-49లో హాల్డేన్ సూచించారు. ఆంథనీ అలిసన్ 1954లో తూర్పు ఆఫ్రికాలో సికిల్‌సెల్ జన్యువు విషయంలో దీనికి బలమైన సాక్ష్యం చూపారు. ఒక ప్రతి ఉంటే మలేరియా నుంచి కవచం, రెండు ప్రతులుంటే జీవితకాలపు బాధ. ఛత్తీస్‌గఢ్‌లో నేడు జరుగుతున్న రక్తపరీక్షల వెనుక ఉన్నది తరతరాల కిందటి ఈ బేరమే.

1949లో రోగమూ పరిణామమూ అన్న అంశంపై రాసిన పత్రంలో ఆయన మరో అడుగు ముందుకు వేశారు. సూక్ష్మజీవి వేగంగా మారుతుంది, మందలో ఎక్కువ మందికి ఉన్న రకానికే అలవాటు పడుతుంది. కాబట్టి అరుదైన రకం ఉన్న ప్రాణికి మేలు జరుగుతుంది. అది విస్తరించి సాధారణమైపోగానే ఆ మేలు తరిగిపోయి, మరో అరుదైన రకం పైకి వస్తుంది. ఈ విధంగా రోగమే జీవజాతిలో వైవిధ్యాన్ని నిలబెడుతుంది. ఏ ఒక్క జన్యువూ శాశ్వతమైన కోట కాదు, రకరకాల జన్యువుల కలగలుపే కోట.

మౌనం మిగిల్చిన మచ్చ

వైవిధ్యం విలువను ఇంతగా గ్రహించిన హాల్డేన్ ఒక సందర్భంలో దాని పక్షాన నిలబడలేదు. 1928లో ఆయనను సోవియట్ యూనియన్‌కు ఆహ్వానించిన నికొలాయ్ వావిలోవ్ ప్రపంచమంతా తిరిగి పంటల విత్తన రకాలను సేకరించిన మహనీయుడు. జన్యుశాస్త్రాన్నే తిరస్కరించిన లైసెంకో ప్రాబల్యం పెరగడంతో వావిలోవ్ జైలు పాలై 1943లో అక్కడే మరణించారు. అప్పటికి కమ్యూనిస్టు పార్టీ సభ్యుడైన హాల్డేన్ లైసెంకోను సూటిగా ఖండించలేకపోయారు. 1948లో బీబీసీ చర్చలోనూ ఆయనను కొంతవరకు సమర్థించే ధోరణిలోనే మాట్లాడారు. తరువాత పార్టీకి దూరమైనా, ఆ మౌనం ఆయన జీవితంపై మచ్చగా మిగిలింది. అసత్యాన్ని లెక్కలతో పట్టుకోగల మేధావి కూడా తన నమ్మకాల ముందు తలవంచవచ్చునని అది చూపింది.

భారతదేశంలో చివరి మజిలీ

1957లో హాల్డేన్, భార్య హెలెన్ స్పర్వే భారతదేశానికి తరలివచ్చారు. సూయజ్‌పై బ్రిటన్ దాడికి నిరసన తెలపడం అందుకు ఆయన బహిరంగంగా చెప్పిన కారణాలలో ఒకటి. ప్రశాంత చంద్ర మహలనోబిస్ ఆహ్వానంపై కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరారు. ధోవతి, కుర్తా ధరించారు, శాకాహారి అయ్యారు, భారత పౌరసత్వం స్వీకరించారు. ఖరీదైన యంత్రాలు లేకపోయినా చుట్టూ ఉన్న మొక్కలను, పక్షులను, మనుషులను ఓపికగా గమనించి లెక్కించడం ద్వారా ఇక్కడి యువకులు గొప్ప శాస్త్రం సృష్టించగలరని ఆయన నమ్మారు.

ఆ యువకులలో పిఠాపురానికి చెందిన ద్రోణంరాజు కృష్ణారావు ఒకరు. చెవులపై వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రి నుంచి కుమారునికి సంక్రమించే తీరును ఆయన ఆంధ్ర కుటుంబాలలో పరిశీలించారు. మీరాఖాన్‌తో కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని మేనరికాలు, మేనమామ-మేనకోడలి వివాహాలపై 1960లో పరిశోధన పత్రం ప్రచురించారు. ఇటువంటి వివాహాలలో ఒకే పూర్వీకుని నుంచి వచ్చిన ఒకే జన్యువు రెండు ప్రతులుగా బిడ్డకు చేరే అవకాశం పెరుగుతుంది. దగ్గరి రక్తసంబంధాలలోనే పెంచిన కోళ్ల వంశాలలోనూ జరిగేది అదే. దాగి ఉన్న లోపం బయటపడుతుంది, రక్షణకు ఉపకరించే రకాల సంఖ్య తగ్గుతుంది. ద్రోణంరాజు తరువాతి కాలంలో తన గురువు జీవితచరిత్రను రచించారు.

సంస్థ నిర్వాహకులతో విభేదాల కారణంగా హాల్డేన్ 1961లో కలకత్తా ఉద్యోగాన్ని వదులుకున్నారు. బిజూ పట్నాయక్ నాయకత్వంలోని ఒడిశా ప్రభుత్వం అండతో 1962లో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర, జీవగణాంక ప్రయోగశాలను నెలకొల్పారు. కొద్దికాలానికే మలాశయ క్యాన్సర్ బయటపడింది. లండన్‌లో శస్త్రచికిత్స జరిగింది. వ్యాధిని వేళాకోళం చేస్తూ, లక్షణాలు కనిపించగానే వైద్యుని వద్దకు వెళ్లాలని బోధిస్తూ ఆయన ఒక కవిత రాశారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో కన్నుమూశారు. ఆయన కోరిక మేరకు దేహాన్ని కాకినాడ రంగరాయ వైద్య కళాశాలకు అప్పగించారు. బతికినన్నాళ్లూ తన శరీరాన్ని ప్రయోగానికి పెట్టిన శాస్త్రవేత్త మరణానంతరమూ ఆ వరుసను తప్పలేదు. హెలెన్ స్పర్వే 1978లో హైదరాబాద్‌లో మరణించారు.

నేటి కోళ్ల షెడ్లలో

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల కోళ్ల ఫారాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయింది. తణుకు మండలం వేల్పూరు, పెరవలి మండలం కానూరు పరిసరాలలో కోళ్లను పూడ్చిపెట్టవలసి వచ్చింది. ఒకే వంశానికి చెందిన వేలాది పక్షులు ఒకే కప్పు కింద ఉన్నప్పుడు తెగులు ఎంత వేగంగా పాకుతుందో పెంపకందారులు కళ్లారా చూశారు.

జన్యువులను మార్చి ఈ ముప్పును తప్పించవచ్చా? బ్రిటన్‌లోని రోజ్లిన్ సంస్థ పరిశోధకులు కోడిలోని ఒక జన్యువును సవరించి, ఫలితాలను 2023లో ప్రకటించారు. సాధారణ మోతాదులో ఇన్‌ఫ్లుయెంజా వైరస్‌ను ఎదుర్కొన్న 10 కోళ్లలో 9 తట్టుకున్నాయి. మోతాదును వెయ్యి రెట్లు పెంచినప్పుడు 10లో 5 కోళ్లకు వ్యాధి సోకింది. పైగా ఆ వైరస్ సవరించిన జన్యువును దాటి, కోడిలోని సంబంధిత ఇతర అణువులను వాడుకునేలా మారిపోయింది. ఒకే తాళంపై ఆధారపడరాదని, శత్రువు మారుతూనే ఉంటాడని హాల్డేన్ 1949లో వేసిన అంచనా ఒక ప్రయోగశాల గదిలో మరోసారి నిజమైంది.

వాణిజ్య కోళ్ల వంశాలలో పూర్వపు జాతులకు ఉన్న జన్యు వైవిధ్యంలో సగమో అంతకన్నా ఎక్కువో కనిపించకుండా పోయిందని 2008లో ఒక అంతర్జాతీయ అధ్యయనం తెలిపింది. పోయిన రకాలలో ఏది రేపటి వైరస్‌కు అడ్డుకట్ట వేయగలిగేదో ముందుగా చెప్పడం ఎవరికీ సాధ్యం కాదు. అందుకే పాత వంశాలను, నాటు జాతులను నిలబెట్టుకోవడం ఇప్పుడు పరిశోధన సంస్థల బాధ్యతగా మారింది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలకాలయం వనరాజా, గ్రామప్రియ వంటి పెరటి కోళ్లను రూపొందించడంతో పాటు అసీల్, కడక్‌నాథ్, ఘాగస్, నికోబారీ జాతులను సంరక్షిస్తోంది. పందెం బరిలో పేరుపొందిన అసీల్, మధ్య భారత అడవి పల్లెల నల్లకోడి కడక్‌నాథ్ అక్కడ పక్కపక్కనే పెరుగుతున్నాయి.

టీకాలకు, పరిశుభ్రతకు, సకాలంలో చేసే పరీక్షలకు జన్యువులు ప్రత్యామ్నాయం కావు. అయితే టీకా పనిచేసేది జన్యువులు అమర్చిన శరీరంలోనే. ఆ శరీరాలన్నీ ఒకే అచ్చులో పోసినవైతే, ఒక్క వైరస్ మార్పుతో షెడ్డు మొత్తం ఖాళీ కాగలదు. గినీపందుల బోనుల దగ్గర మొదలుపెట్టి కాకినాడ శవపరీక్ష బల్ల వరకు సాగిన జీవితంలో హాల్డేన్ లెక్కలు కట్టి చూపిన విషయం ఇదే.